కఠిన శిలల్లో నీటి జాడ

ఫోను జైనబ్ బీ దగ్గరే ఉంది. ముందుగదిలో నులకమంచం మీద, ఆమె మోకాలి పక్కన, దుప్పటి మడతలో సగం దాగి ఉంది. లోపలిగది గడప దగ్గర చాప మీద కూర్చున్న అల్మాస్‌కు దాని నల్లటి అంచు మాత్రమే కనిపిస్తోంది. మధ్యాహ్నం మూడు దాటాక ఎప్పుడైనా చేస్తామని, దరఖాస్తులో ఇచ్చిన నంబరుకే చేస్తామని విశ్వవిద్యాలయం ఉత్తరం పంపింది. సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు లేవు, అందుకని ఈసారి పీహెచ్‌డీ ఇంటర్వ్యూలు ఫోనులోనే. దరఖాస్తులో ఇచ్చిన నంబరు షాహిద్‌ది. నీ ఫోను బళ్లె సంచిల పడి ఉంటది, మోగినా నువ్వు తియ్యవు, నాదైతె ఎప్పుడూ జేబులనే ఉంటది అంటూ భర్త తనే రాశాడు, కాలిపోయిన మోటార్ల మీద రైతుల పేర్లు రాసే లావు అక్షరాలతో. జులైలో అతను చనిపోయాడు. నంబరు మిగిలింది. అది మోగితే ఎత్తేది అతని తల్లి జైనబ్ బీ.

అడగాలి. అమ్మీ, ఇవాళ ఒక్కరోజు ఆ ఫోను నాకివ్వు అనాలి. తెల్లవారి నమాజు నుంచి ఈ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. కిక్కిరిసిన తరగతిలో గొంతు పెంచకుండా పాఠం చెప్పే మనిషికి ఇదెంత మాట. కానీ ఎందుకని అడిగితే యూనివర్సిటీ అని చెప్పాలి. ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. షాహిద్ ఆ దరఖాస్తు ఇచ్చి తిరిగి వస్తూనే గజ్వేల్ దగ్గర బండి మీంచి పడిపోయాడు. దవాఖాన వాళ్లు ఇచ్చిన మూటలో చేతిగడియారం, తోలు పర్సు, ఈ ఫోను ఉన్నాయి. అద్దం పగిలింది, చెవి దగ్గర పెట్టుకుంటే ఏమీ వినిపించదు, పెద్ద స్పీకరు మాత్రం పనిచేస్తుంది. గడియారమూ పర్సూ పెట్టెలోకి వెళ్లాయి. ఫోను జైనబ్ బీ తీసుకుంది. నాకియ్యమని అల్మాస్ అనలేదు. రైతులు ఇంకా చేస్తుంటారు, నారాయణరావుపేట నుంచి ఒకాయన, వేములఘాట్ నుంచి ఒకాయన, షాహిద్ భాయ్ మా మోటరైందా, వరి ఎండుతుంది అని ఆ గొంతులు ఇల్లంతా నిండిపోతాయి. జైనబ్ బీ తెలుగులో ఒకటే మాట చెబుతుంది, లేడు. అర్థమైనవాళ్లు చప్పున పెట్టేస్తారు. కానివాళ్లు ఎప్పుడొస్తడవ్వా అని అడుగుతారు. అప్పుడామె ఫోనును దుప్పట్లో పెట్టేస్తుంది. అవతలి మనిషి మడి గురించి, కరెంటు గురించి ఇంకా మాట్లాడుతూనే ఉంటాడు, దుప్పటి కింద నుంచి.

వీధిలో ఆడవాళ్లు నడిచిపోతున్నారు. బతుకమ్మలు ఎత్తుకుని ఉంటారు, తంగేడు పూల పచ్చివాసన కిటికీ దాకా వచ్చింది. ఈసారి చెరువు గట్టుకు కాదట, పెద్దరోడ్డు మీదే ఆడతారట, లారీలు కదలకుండా. పోయిన ఏడు ఇదే రోజుల్లో తనూ వెళ్లింది, బడి టీచర్లతో కలిసి, షాహిద్ దుకాణం మూసి పక్కన నిలబడ్డాడు, చేతులకు రాగితీగ వాసనతో. ఊరంతా ఆగిపోయింది ఇప్పుడు. బడికి తాళం, కచేరీకి తాళం, బస్సులు డిపోలో. తనూ ఆగిపోయింది, ఇద్దత్‌లో. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటని గడువు అది. నవంబరు నడిమి దాకా ఉంది. ఊరు ఆగకపోయి ఉంటే ఇంటర్వ్యూ ఎప్పుడో హైదరాబాదులో జరిగేది, తను లేకుండా. సమ్మె వల్లనే ఫోనులో జరుగుతోంది. బంద్ వల్లనే షాహిద్ పోయాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడొద్దని ఎన్నిసార్లు అనుకున్నా అవి వచ్చి పక్కపక్కనే కూర్చుంటాయి.

మూడు దాటి ఎంతసేపైంది. గోడ గడియారం లోపలి నుంచి కనిపించదు. కరెంటు పొద్దున పోయింది, బొగ్గు గనులూ సమ్మెలో ఉన్నాయి, ఇక సాయంత్రం దాకా రాదు. ఫోనులో చార్జింగు ఉందో లేదో. లేకపోతే. లేకపోతే వాళ్లు ఒకసారి చేస్తారు, రెండోసారి చేస్తారు, అభ్యర్థి అందుబాటులో లేదు అని రాసుకుంటారు, అయిపోతుంది. అట్లా అయిపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. అయిపోతే ఎవరూ ఏమీ అడగరు, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, జైనబ్ బీ ఆ మంచం మీద, తను ఈ చాప మీద. మరి అతను అంత దూరం ఎందుకు వెళ్లినట్టు.

ఆ పుస్తకం మేలో వచ్చింది, విశ్వవిద్యాలయం కోర్సుల పట్టిక. మేడ మీద చాప పరుచుకుని చదివారు ఇద్దరూ, అంటే తను ఇంగ్లీషులో చదివి చెబుతుంటే అతను వెల్లకిలా పడుకుని విన్నాడు. ఎమ్మెస్సీ వాళ్లకు ఇవి, పీహెచ్‌డీ వాళ్లకు ఇవి, పరిశోధన పద్ధతులు అందరికీ తప్పనిసరి, గణాంకాలు, ఉపగ్రహ చిత్రాల పరిశీలన, ఖనిజాల రసాయనం, భూగర్భ జలాల కదలిక. ఒక్కో పేరుకూ అతను ఆహా అనేవాడు, పెళ్లిలో వంటల పేర్లు విన్నట్టు. ఇవన్నీ చెప్తరా అని అడిగాడు. అన్నీ ప్రతి ఏడూ చెప్పరు, చెప్పే ఆచార్యుడు ఉండాలి, తీసుకునే విద్యార్థి ఉండాలి అంది. అతను లేచి కూర్చున్నాడు.

"అంటే మన బస్టాండు హోటలే. బోర్డు మీద బిర్యానీ, పాయా, నిహారీ అన్ని ఉంటయి. అడిగితె చాయ్ ఉంది భాయ్ అంటడు."

నవ్వీ నవ్వీ పుస్తకం కింద పడింది. మళ్లీ తీసి వెతికితే ఆ పేజీలో, చివరి వరుసలో, కఠిన శిలల్లో నీటి జాడ. పక్కన చిన్న చుక్క, కింద ఆ చుక్కకు అర్థం, ఏడాది విడిచి ఏడాది. ఆ కోర్సు చెప్పే ఆచార్యుడు ఒకసారి ఉపాధ్యాయుల శిక్షణకు సిద్దిపేట వచ్చాడు, భోజనాల దగ్గర తను ప్రశ్న మీద ప్రశ్న వేస్తే చేయి ఎండిపోయేదాకా జవాబు చెప్పాడు. వచ్చే ఏడు ఉద్యోగ విరమణ అన్నాడు. అంటే ఈసారి తప్పితే మళ్లీ బోర్డు మీదనే. అర్హత పరీక్ష నిరుడే గట్టెక్కింది, రాత పరీక్ష అవసరం లేదు, దరఖాస్తు ఒక్కటి సమయానికి చేరితే చాలు. చేరితే చాలు అని తనే అంది. ఎన్నిసార్లు అందో.

గడువంటే గడువే. పిల్లలకు తను నేర్పింది అదే. సైన్సు రికార్డు సోమవారం అంటే సోమవారం, జ్వరమొచ్చినా అన్న చేత పంపాలి, మంగళవారం తెస్తే తీసుకోను. కుల ధ్రువపత్రం, సర్వీసు పుస్తకం నకలు, పై అధికారి అనుమతి, ఒక్కోటి చేతికొచ్చేసరికి చివరి తేదీ మీద పడింది, ఆ చివరి తేదీ బంద్ రెండో రోజు మీద పడింది. పోస్టాఫీసు మూత, కొరియర్ మూత, ఇంటర్నెట్ దుకాణం మూత, పేపరు బండి కూడా రాలేదు. బంద్ నాడు యూనివర్సిటీ మాత్రం తెరిచి ఉంటుందా అని ఒక్కసారి కూడా అనుకోలేదు తను. అంత పెద్ద చదువుల చోటు, వాళ్లు చివరి తేదీ అని అచ్చు వేశారు, కాబట్టి అది చివరి తేదీ. నేను పోయిస్త అన్నాడు షాహిద్, ఊళ్ల మీదుగ పోతె ఎవ్వరు ఆపరు, ఆపినా మనోళ్లే గద. దీక్షా శిబిరంలో తన వంతు కూర్చున్న మనిషి, మోటారు వైండింగు వాళ్ల సంఘం తరఫున. బండి మీద తెల్లవారుతూనే బయల్దేరాడు. జైనబ్ బీ అతనికి రొట్టె మూట కట్టిచ్చింది. బంద్ నాడు ఏం పని బేటా అంది. అల్మాస్ పనమ్మీ అన్నాడు. ఆ రెండు మాటలు ఆమె చెవుల్లో ఇంకా ఉన్నాయేమో. అల్మాస్ పని.

మధ్యాహ్నం అతనే ఫోను చేశాడు. గేటుకు తాళం ఉందట. వాచ్‌మన్ ఒక ముసలాయన, కాగితాలు తీసుకుని రేపు సారుకు ఇస్తనన్నడు, మంచోడు, రొట్టె సగం ఆయనకు పెట్టిన అని చెప్పాడు. తను ఏమంది. ఎండన పడి అంత దూరం పోయినవు, తిన్నవా అనలేదు. మెల్లగ రా అనలేదు. రసీదు తీసుకున్నవా అంది. అతను నవ్వాడు, వాచ్‌మన్ రసీదిస్తడా టీచరమ్మా అని పెట్టేశాడు. అదే ఆఖరు. పదకొండేళ్లు కాపురం చేసి, పిల్లలు లేరని ఒకరినొకరు ఒక్క మాట అనుకోకుండా బతికి, చివరికి రసీదు. సాయంత్రం బంద్ ఎత్తేశారు. గజ్వేల్ అవతల రోడ్డుకు అడ్డం పడేసిన తుమ్మ మొద్దుల్లో ఒకటి తీయడం బంద్ చేయించిన పిల్లలు మరిచారు. మసక చీకటి. ఆ పిల్లలే అతన్ని ట్రాలీలో వేసుకుని దవాఖానకు ఉరికారు. ఆ పిల్లలే ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడి ఏడ్చారు, అన్నా అని ఒకడు గోడకు తల కొట్టుకున్నాడు, జైనబ్ బీ లేచి వెళ్లి వాడి తల పట్టుకుంది. వాళ్లను ఆమె ఏమీ అనలేదు. అల్మాస్‌ను కూడా ఏమీ అనలేదు. వాళ్లను అనకపోవడం వేరు.

మూడోనాడు జియారత్ ప్రార్థనలకు బడి వాళ్లు వచ్చారు. లెక్కల సారు రాజనర్సు పరదా అవతల నిలబడి మాట్లాడాడు, మంచి మనిషి, ఏదో ఒక రంది తగ్గించాలని చూశాడు. షాహిద్ ఏ పని మీద పోయాడో ఆయనకు తెలియదు.

"మేడం, మీ అప్లికేషన్ సంగతి మీరేం రంది పెట్టుకోకుండ్రి. బంద్ ఉందని తారీకు ముందే పెంచిన్రట. మొన్నటి పేపర్ల ఉంది, నిన్న వస్తె చూసిన."

పరదా ఇవతల అల్మాస్. ఆమె వెనకాల జైనబ్ బీ, తస్బీ పూసలు తిప్పుతూ. పూసలు ఆగిపోయిన చప్పుడు తనకు వినిపించింది. చప్పుడు ఆగడం వినిపించింది. తిరిగి చూడలేదు. అప్పటి నుంచి ఆమె మాట్లాడుతూనే ఉంది, బియ్యం అయిపోయినయి, తలుపు వేసుకో, నీళ్లు వచ్చినయి. వేళకు పళ్లెం తెచ్చి చాప పక్కన పెడుతుంది. రాత్రి తను కదిలితే అక్కణ్నుంచి దగ్గుతుంది. కానీ పళ్లెం పెట్టేటప్పుడు ముఖం చూడదు. తారీకు పెంచిన్రని విన్న చెవులు, ఆ మాటను ఎక్కడ పెట్టుకున్నాయో. అడిగితే బాగుండు. తిట్టితే బాగుండు. నా కొడుకును ఊరికే తోలినవు అంటే, అవునమ్మీ అని కాళ్ల మీద పడొచ్చు. అనదు. రోజులు గడిచేకొద్దీ ఆ అనని మాట ఇంట్లో మూడో మనిషి అయింది, ముందుగదికీ లోపలిగదికీ మధ్య గడప మీద కూర్చుంది, దాన్ని దాటి అమ్మీ ఫోనివ్వు అని ఎట్లా అడగడం.

ఆచార్యుడు ఏమడుగుతాడో. రాయి గురించి అడుగుతాడు. సిద్దిపేట కింద ఉన్నది గ్రానైటు, దానికి ఇసుకలా నీళ్లు పట్టే గుణం లేదు, పగుళ్లలోనే నీరు, ఆ పగుళ్లు ఎటు పోతాయో పైనుంచి తెలియదు. ఇవన్నీ వచ్చు తనకు. నిన్నంతా మనసులో అప్పజెప్పుకుంది. ఇప్పుడు గుర్తు చేసుకుంటుంటే పగుళ్లు అన్న మాట దగ్గర ఫోను అద్దం కనిపిస్తోంది. కుటుంబం గురించి అడిగితే. మీ నంబరు ఎవరి పేరు మీద ఉంది అంటే. ఆ స్పీకరులో అన్నీ ఆమె వింటుంది, తను చెప్పే ప్రతి ముక్కా. కోర్సు పనికి అక్కడే ఉండాలి కదా అంటారు, తప్పకుండా అంటారు, నియమం అది. ఉంటాను అని ఏ నోటితో చెప్పడం, ఆ మంచం మీది మనిషి వింటుండగా. కొడుకు పోయాడు. కోడలు చదువుకు పోతానంటోంది. వేరే ఎవరున్నారు ఆమెకు.

వీధిలో డప్పులు దగ్గరయ్యాయి, దాటిపోయాయి. ఆ చప్పుడు తగ్గేసరికి ఇంట్లో ఇంకో చప్పుడు ఉంది. దుప్పటి కింద అదురుతూ, మోగుతూ.

అల్మాస్ లేచింది. గడప దాకా వచ్చి ఆగింది. జైనబ్ బీ అప్పటికే ఫోను చేతిలోకి తీసుకుంది. పగిలిన అద్దం వెనక వెలుగు, ఆ వెలుగులో పై మూల చార్జింగు గీతలు నిండుగా ఉన్నాయి. కరెంటు లేని ఇంట్లో నిండుగా. పొద్దున ఆమె చున్నీ కప్పుకుని వీధి చివరకు పోయింది, ఇన్వర్టరున్న మందుల దుకాణం వైపు, ఎందుకో తను అడగలేదు. యూనివర్సిటీ ఉత్తరాన్ని వాకిట్లో అందుకున్నదీ ఆమే.

"నమస్కారం, అల్మాస్ గారేనా?" పెద్దవయసు గొంతు గదంతా నిండింది.

"మీరు గా యూనివర్సిటీ నుంచా?"

"అవునమ్మా."

జైనబ్ బీ ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. రైతులతో మాట్లాడేటప్పుడు ఒక చేత్తోనే పట్టుకుంటుంది. "మా షాహిద్ వచ్చి కాగితాలు ఇచ్చిపోయిండు. బంద్ నాడు, వాచ్‌మన్ చేతికి. అవి ముట్టినయా?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. ముట్టకపోతే ఈ ఫోనే రాదు కదా, అది అల్మాస్‌కు తెలుసు, తెలిసి చాలా రోజులైంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. తను చెప్పలేదు.

"ముట్టాయమ్మా. నా ముందే ఉన్నాయి, అన్నీ సరిగా ఉన్నాయి. ఆయన ఉన్నారా అక్కడ?"

"లేడు," అంది జైనబ్ బీ. ఫోనును మంచం మీద పెట్టి, కొంచెం పక్కకు జరిగింది. లేచి వెళ్లలేదు.

ఆ తర్వాత ఏం మాట్లాడిందో అల్మాస్‌కు వరుసగా గుర్తుండదు. మంచం ముందు నేల మీద కూర్చుంది. ముగ్గురు అడిగారు, ఒకావిడ ఇంగ్లీషులో, ఒకాయన గబగబా, పెద్దాయన నెమ్మదిగా. ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నారు అని. గట్టు ఈ పక్క బోరు పోస్తుంది సార్, ఆ పక్క బోరు దుమ్ము కొడుతుంది, రెండింటి లోతూ ఒకటే, ఎందుకో మా దగ్గర ఎవరూ చెప్పలేరు, మళ్లీ మళ్లీ తవ్వుతారు. నీళ్లు దిగిపోయి మోటార్లు కాలుతాయి. కాలిన మోటార్లు ఏ ఊరి నుంచి ఎక్కువ వస్తున్నాయో నేను చూశాను. ఎక్కడ చూశారు. మా దుకాణంలో సార్, అంది. గొంతు నిలబడింది. జైనబ్ బీ ఆమెను చూడటం లేదు, ఫోనును చూస్తోంది, ఆ మాటలు అందులోంచి వస్తున్నట్టు.

చివరికి పెద్దాయన దగ్గాడు. "చూడండమ్మా, ఆ కోర్సు పట్టికలో ఉంది గానీ ఎవరూ తీసుకోకపోతే నడవదు. ఈసారి రాసింది మీరొక్కరే. ఒక్కరున్నా నేను చెబుతాను, అది నా ఇష్టం. కాని రెండు సెమిస్టర్లు ఇక్కడే ఉండాలి, అందులో మినహాయింపు లేదు. సమ్మె సంగతి చూసుకుని నవంబరు చివర మొదలుపెడతాం. వస్తారా?"

వస్తారా. నులకమంచం కోడు పక్కన జైనబ్ బీ పాదం, మడమ పగిలి ఉంది. ఇంటికి వచ్చిన కొత్తలో ఈ పాదాలకు నూనె రాయబోతే వద్దని లాక్కుంది, చదువుకునే పిల్లవు, పో, పుస్తకం పట్టుకో అంది. ఆలోచించి చెబుతాను అనొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చెబుతాను అనొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. అట్లా అంటే ఆ భారం మళ్లీ ఈ ముసలామె మీద పెట్టినట్టు, పో అనాలన్నా వద్దనాలన్నా ఆమే అనాలి. అతను ఎండలో, తాళం వేసిన గేటు ముందు, సగం రొట్టెతో. అల్మాస్ తల ఎత్తి జైనబ్ బీ ముఖం చూస్తూ చెప్పింది.

"వస్తాను సార్."

మంచిదమ్మా, ఉత్తరం పంపుతాం అని వాళ్లు పెట్టేశారు. వెలుగు ఆరిపోయింది. జైనబ్ బీ ముఖంలో ఏ మార్పూ లేదు. తర్వాత ఆమె అడిగింది, ఇంట్లో మాట్లాడే ఉర్దూలో కాదు, తెలుగులోనే, ఆ పెద్దమనిషి ఇంకా వింటున్నట్టు.

"తారీకు పెంచిన్రని ఆ సారు చెప్పిండు గద. నీకు అప్పుడే తెలిసిందా, ముందుగాలనే ఎరుకనా?"

అల్మాస్‌కు మొదట ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచానికి ఇంకా దగ్గరగా జరిగింది.

"అప్పుడే తెలిసింది అమ్మీ. ముందుగాల తెలిస్తె పంపుదునా?"

"సదువుకున్నదానివి. పేపర్లు సూస్తవు. అన్నీ నీకు ఎరుకుంటయి." జైనబ్ బీ గొంతు పొడిగా ఉంది. "ఎరుకుండి గూడ ఎందుకు తోలినవో అనుకుంట కూసున్న."

"నన్ను అడగకపోతివి."

"నువ్వు చెప్పకపోతివి."

బయట దూరంగా చప్పట్ల వరస మొదలైంది, రోడ్డు మీద ఆడవాళ్లు వలయం కట్టి తిరుగుతున్నట్టున్నారు. జైనబ్ బీ గోడ వైపు చూస్తోంది. ఆమె పెదవులు ఏదో లెక్క కట్టుకుంటున్నట్టు కదిలాయి, ఆగాయి.

"మనకు తెల్వకపాయె," అంది.

అల్మాస్ అక్కడే, ఆమె కాళ్ల దగ్గరే, ఉండిపోయింది. ముందు ఎవరు ఏడ్చారో తెలియదు. జులై నుంచి ఇంట్లో ఇద్దరూ ఏడుస్తూనే ఉన్నారు. ఒకే గదిలో ఏడవడం అదే మొదలు.